నడిచొచ్చినవా బిడ్డా?

పోయిన దసరాకి ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో ఒక చిన్న గొడవ జరిగింది. గొడవ అంటే మరీ గొడవ కాదు, మా నాయనమ్మ ఒక పూటంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు, అంతే. కారణం వింటే నవ్వుతారు. నేను మోత్కూర్ బస్టాండ్‌లో దిగి, ఆటో ఎక్కకుండా, మా ఊరికి నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లాను!

అప్పుడు మా ఆఫీసులో అడుగుల పోటీ నడుస్తోంది. టీముకి ఎనిమిది మంది, అందరి ఫోన్లలో ఒక యాప్, రోజుకి మనిషికి పదివేల అడుగులు టార్గెట్. మా టీము కింద నుంచి రెండో స్థానంలో ఉంది. ఎటూ సెలవు, వాతావరణం చల్లగా ఉంది, బ్యాగ్ బరువు లేదు, నాలుగు కిలోమీటర్లంటే సుమారు అయిదు వేల అడుగులు. ఇంకేం, నడిచేశా. దారిలో ముగ్గురు బండి ఆపి "ఎక్కు తమ్మీ" అన్నారు. వద్దన్నా. వాళ్లు నన్ను వింతగా చూశారు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

ఇంటికి చేరేసరికి వార్త నాకంటే ముందే చేరిపోయింది.

"ఏం బిడ్డా, ఆటో దొర్కలేదా?"

"దొరికింది నాయనమ్మా, నేనే ఎక్కలే."

"పైసల్ లేకుండెనా?"

"ఉన్నయి. ఊకెనే నడిచిన. ఆరోగ్యానికి మంచిది."

ఆ మాటతో ఆవిడకి కోపం వచ్చింది. "మీ తాత నడిచిండు, నేను నడిచిన, మీ నాయిన మోత్కూర్ బడికి దినాం నడిచిండు. నువ్వు నడవొద్దనే గదరా సదివిచ్చింది! ఊరంత జూసె."

ఏం చెప్పాలో తెలీలేదు. నాకు నడక అంటే ఆరోగ్యం. ఆవిడకి నడక అంటే చదువు పెట్టి వదిలించుకున్న కష్టం. ఇద్దరిలో తప్పెవరిది? హైదరాబాద్ తిరిగి వచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. కొన్ని వారాలు దొరికిందల్లా చదివా. ఒకవైపు మా నల్గొండ చరిత్ర, ఇంకోవైపు నడక గురించి డాక్టర్లు చేసిన పరిశోధనల చరిత్ర. రెండూ ఒకచోట కలుస్తాయని మొదలుపెట్టినప్పుడు అనుకోలేదు.

కచ్చడం ముందు పరుగు

మోత్కూర్ తెలియని వాళ్లకోసం రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డులో భువనగిరి దాటాక రాయగిరి దగ్గర కుడివైపు తిరిగి ఆత్మకూరు మీదుగా వెళ్తే వస్తుంది. 2016 దాకా నల్గొండ జిల్లా, ఆ ఏడాది అక్టోబర్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. 2018లో మున్సిపాలిటీ అయింది. రైలు లేదు. బస్సు రాకముందు ఎడ్లబండి ఉన్నవాడికి ఎడ్లబండి, లేనివాడికి కాళ్లు.

నిజాం కాలంలో ఈ ప్రాంతమంతా దేశ్‌ముఖ్‌లు, దొరల గడీల పాలన. వెట్టిచాకిరి అనే మాట మనం స్కూల్లో ఒక మార్కు ప్రశ్నకి చదువుకుని మర్చిపోయాం. అందులో ప్రయాణానికి సంబంధించిన వెట్టి ఎంత ఉందో నేనైతే అప్పట్లో గమనించలేదు. దొర సవారి కచ్చడంలో పోతుంటే ముందొకరు, వెనకొకరు పరిగెత్తాలి. ముందువాడు దారి క్లియర్ చెయ్యాలి, వెనకవాడు కాపలా. మేనా మొయ్యాలి. పక్క ఊరి అధికారికి ఉత్తరం ఇవ్వాలంటే ఒకడు పని వదిలేసి కాలినడకన పోయి ఇచ్చి రావాలి. మూటలు మొయ్యాలి. వీటికి కూలి లేదు. గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేతిలో పట్టుకోవాలి. నిజాం ప్రభుత్వం వెట్టిని కాగితం మీద నిషేధించింది కానీ, ఆ కాగితం గడీ లోపలికి రాలేదు. తెలంగాణ పోరాటం గురించి పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిన పుస్తకంలో ఈ వెట్టి రకాలన్నీ కులాల వారీగా వరుసగా ఉంటాయి.

అంటే ఆ రోజుల్లో ఊళ్లో ఎవడు ఏమిటో తెలుసుకోవడానికి పేరు అడగక్కర్లేదు. ఎవడు కూర్చుని పోతున్నాడు, ఎవడు పరిగెత్తుతున్నాడు అని చూస్తే చాలు. మా నాయనమ్మ తల్లిదండ్రులు ఆ కాలం మనుషులే. "ఊరంత జూసె" అన్న మాట వెనక ఎంత ఉందో అది చదివాక కాస్త తెలిసింది.

1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం ఆ గడీల మీదే. ఆ పోరాటమూ కాళ్ల మీదే నడిచింది. దళాలు రాత్రిపూట ఊరి నుంచి ఊరికి నడిచాయి. మా మోత్కూర్ మండలం పాలడుగులో పుట్టిన సుద్దాల హనుమంతు గారు పాటలు, గొల్లసుద్దులు పట్టుకుని ఊరూరా తిరిగారు. తాతల కాలంలో దొర కోసం పరిగెత్తిన కాళ్లే ఇప్పుడు తమ కోసం నడిచాయన్నమాట.

కూర్చుని రాగలిగీ నడిచొచ్చిన మనిషి

పోరాటం ఇంకా పూర్తిగా ఆగకముందే, 1951 ఏప్రిల్‌లో, ఇదే జిల్లాకి ఇంకొకాయన నడుచుకుంటూ వచ్చాడు. వినోబా భావే. హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ఉంటే, మార్చి 8న వార్ధా దగ్గర నుంచి బయల్దేరి, సుమారు 300 మైళ్లు నెల రోజుల్లో నడిచి చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 55. కడుపులో పుండుతో బాధపడే సన్నటి మనిషి. సమ్మేళనం అయ్యాక రైలెక్కి పోలేదు, మళ్లీ నడక మొదలుపెట్టి ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు. అక్కడ దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తాననడం, భూదానోద్యమం మొదలవడం అందరికీ తెలిసిన కథే. ఆ తర్వాత ఆయన పదమూడేళ్లకు పైగా దేశమంతా నడిచాడు. 1982లో 87 ఏళ్ల వయసులో పోయాడు.

భూదానం వల్ల పేదలకి నిజంగా ఎంత భూమి చేతికొచ్చింది అన్నది వేరే చర్చ, అందులో నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. నా దృష్టి ఆయన కాళ్ల మీద పడింది. అదే జిల్లా, అవే మట్టి రోడ్లు, అదే ఎండ. ఒకడు కచ్చడం ముందు పరిగెత్తాడు, ఒకాయన పాదయాత్ర చేశాడు. కండరాలకి రెండూ ఒకటేనేమో కానీ మనిషికి ఒకటి కాదు. వినోబా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగొచ్చు. చెట్టు కింద కూర్చోవచ్చు. ముందు ఊళ్లో ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. కచ్చడం ముందువాడికి ఇవేవీ లేవు.

ఈ తేడా భావకవిత్వం కాదు, దీనికి లెక్కలు ఉన్నాయి. అవి చెప్పాలంటే ఒకసారి లండన్ వెళ్లి రావాలి.

డ్రైవర్, కండక్టర్

వినోబా మా జిల్లాలో నడుస్తున్న రోజుల్లోనే, లండన్‌లో జెర్రీ మారిస్ అనే డాక్టర్ బస్సుల మీద పడ్డాడు. గుండెపోట్లు ఎందుకు పెరుగుతున్నాయో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆయన లండన్ ట్రాన్స్‌పోర్ట్‌లో పనిచేసే 35 నుంచి 64 ఏళ్ల వయసు మగవాళ్లు సుమారు 31 వేల మంది రికార్డులు తీశాడు. లండన్‌వి డబుల్ డెక్కర్ బస్సులు. డ్రైవర్ డ్యూటీ అంతా కూర్చునే ఉంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ కిందకీ పైకీ తిరుగుతుంటాడు, డ్యూటీకి 500 నుంచి 750 మెట్లు. ఒకే కంపెనీ, ఒకే బస్సు, ఒకే రోడ్డు, ఇంచుమించు ఒకే జీతం. మనలాంటి వాళ్లం ఎ-బి టెస్టింగ్ అని చేస్తుంటామే, దాన్ని దేవుడే సెట్ చేసిపెట్టినట్టు ఉంది.

1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఏడాదికి వెయ్యి మంది డ్రైవర్లలో 2.7 మందికి గుండె జబ్బు వస్తే, కండక్టర్లలో 1.9 మందికి వచ్చింది. పోస్టాఫీసులో చూసినా అదే తీరు. ఉత్తరాలు పంచేవాళ్ల కంటే కుర్చీలో కూర్చునేవాళ్లకి ఎక్కువ.

నాకు మారిస్ నచ్చింది ఇక్కడ కాదు, ఆ తర్వాత. "డ్రైవర్ ఉద్యోగంలో చేరేవాళ్లే ముందు నుంచీ లావుగా ఉంటారేమో?" అని తన ఫలితం మీద తానే బగ్ రెయిజ్ చేసుకున్నాడు. సంస్థ ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూస్తే అది కొంత నిజమే, డ్రైవర్ల నడుములు పెద్దవి. దాన్నీ 1956లో అచ్చు వేశాడు. తర్వాత ప్రభుత్వ ఉద్యోగుల మీద కొత్త పరిశోధనలు మొదలుపెట్టి, కదలిక వల్ల లాభం నిజమేనని మళ్లీ తేల్చాడు. ఆయన 99 ఏళ్లు బతికి 2009లో పోయాడు.

మన బస్సు చరిత్ర కూడా చిన్నదేం కాదు. నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. అదే 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ అయింది, 2015లో టీఎస్ ఆర్టీసీగా విడిపోయింది, 2024లో టీజీ ఆర్టీసీ అయింది. మా ఊళ్ల వాళ్లకి బస్సు అంటే ప్రయాణ సాధనం ఒక్కటే కాదు. టికెట్ కొన్నవాడికల్లా సీటు. దొర కొడుకు పక్కన పాలేరు కొడుకు కూర్చోగలిగిన మొదటి చోట్లలో బస్సొకటి. నల్గొండలో కాలేజీ, భువనగిరిలో ఆస్పత్రి, హైదరాబాద్‌లో ఉద్యోగం, అన్నిటికీ దారి అదే. దాన్ని చూసి "అయ్యో, జనం నడక మానేశారు" అని బాధపడేవాడికి చరిత్ర తెలీదని నా అభిప్రాయం.

కానీ లెక్క లెక్కే కదా. నడక తగ్గితే శరీరం దాని బిల్లు అది వేస్తుంది.

ఊళ్లో అన్న, పట్నంలో తమ్ముడు

మన దేశంలో ఈ బిల్లుని ఎవరైనా లెక్కేశారా అని వెతికితే ఒక మంచి పరిశోధన దొరికింది. 2005 నుంచి 2007 మధ్య లక్నో, నాగ్‌పూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో ఫ్యాక్టరీ పనికి పల్లెల నుంచి వచ్చినవాళ్లని, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల అన్నదమ్ములని, అక్కచెల్లెళ్లని పోల్చి చూశారు. ఒకే తల్లి పిల్లలు, ఒకరు ఊళ్లో, ఒకరు పట్నంలో. అంటే సగం తెలంగాణ ఇళ్ల కథ!

అందులో దాదాపు 3,900 మంది పనికి ఎలా వెళ్తున్నారో విడిగా తీసి 2013లో ప్రచురించారు. సొంత బండి లేదా కారు మీద పోయేవాళ్లలో సగం మంది అధిక బరువు. బస్సు లాంటి వాటిలో పోయేవాళ్లలో 37.6 శాతం. సైకిల్ మీద పోయేవాళ్లలో, నడిచి పోయేవాళ్లలో సుమారు 24 శాతం. వయసు, ఆదాయం లాంటివి సర్దుబాటు చేశాక కూడా సైకిల్ వాళ్లలో బీపీ దాదాపు సగం, షుగర్ మూడో వంతు తక్కువ. ఇది ఒకే సమయంలో తీసిన ఫోటో లాంటి పరిశోధన, దేనివల్ల ఏది వచ్చిందో పూర్తిగా చెప్పదు. కానీ మారిస్ లెక్కతో కలిపి చూస్తే రెండూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి.

బస్సు మధ్యలో ఉండటం గమనించారా? బస్సు మనల్ని గుమ్మం దగ్గర ఎక్కించుకోదు, గుమ్మం దగ్గర దింపదు. ఆ రెండు చివర్లా మనం తెలియకుండా నడుస్తాం. ఆ నడకకి యాప్ అక్కర్లేదు, పొద్దున అయిదింటి అలారం అక్కర్లేదు.

ఇక మన సంగతి. 2025లో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఉంది. 345 అంటే చిన్న శాంపిలే, దాన్ని ఊరందరికీ అంటగట్టలేం. అయినా మీ వరసలో కూర్చున్న వాళ్లని ఒకసారి లెక్కపెట్టి చూసుకోండి. మనం లండన్ డ్రైవర్ల కంటే ఘోరం. పాపం ఆయన కనీసం స్టీరింగ్ తిప్పేవాడు, మనం మౌస్ తిప్పుతాం :)

మరి నాయనమ్మ మోకాళ్లు?

ఇక్కడిదాకా చదివి "చూశావా, నేను నడవడమే కరెక్ట్" అని నాయనమ్మకి ఫోన్ చేద్దామనుకున్నా. చెయ్యబోతుంటే ఒక సందేహం అడ్డొచ్చింది. నడకే మందు అయితే, బావి నుంచి బిందెలు మోసి, నాట్లేసి, మోత్కూర్ అంగడికి నెత్తిన గంపతో నడిచిన మనిషికి మోకాళ్లు ఎందుకు అరిగిపోయాయి? నాలుగు మెట్లు ఎక్కాలంటే గోడ ఎందుకు పట్టుకుంటుంది? ఆవిడ ఆడపడుచు అరవై దాటకుండానే ఎందుకు పోయింది?

వెతికితే దీనికీ ఒక పేరు ఉంది, ఫిజికల్ యాక్టివిటీ పారడాక్స్ అంటున్నారు. 2018లో 17 పరిశోధనల్ని, సుమారు 1.9 లక్షల మంది వివరాల్ని కలిపి చూస్తే, పనిలో ఒళ్లు హూనమయ్యేలా కష్టపడే మగవాళ్లు త్వరగా చనిపోయే అవకాశం, అంత కష్టం లేని పనివాళ్ల కంటే 18 శాతం ఎక్కువ అని తేలింది. ఖాళీ సమయంలో చేసే వ్యాయామం ఆయుష్షు పెంచుతుంటే, బతుకు కోసం చేసే మోతపని తగ్గిస్తోంది! ఆడవాళ్ల విషయంలో లెక్క అంత స్పష్టంగా రాలేదు. ఎందుకిలా అంటే శాస్త్రవేత్తలు చెప్పే కారణాలు వింటే మన వెట్టి కథ మళ్లీ విన్నట్టు ఉంటుంది. గంటల తరబడి ఒకే బరువు. అలిసినప్పుడు ఆగే హక్కు లేకపోవడం. కోలుకునే టైము లేకపోవడం. పేదరికం, చాలని తిండి కూడా అందులో కలిసే ఉంటాయి, వాటిని పూర్తిగా విడదియ్యడం కష్టం.

లండన్ కండక్టర్ది కూడా పనే కదా అంటారా? అవును, కానీ ఆయనకి పెద్ద బరువులు లేవు, డ్యూటీకి టైము ఉంది, నెలకి జీతం ఉంది. కచ్చడం ముందు పరిగెత్తినవాడికీ ఆయనకీ మధ్య ఉన్నది మెట్ల సంఖ్యలో తేడా కాదు.

అందుకని నాకు తోచిన సమాధానం ఇది. నాయనమ్మ తప్పు కాదు, నేనూ తప్పు కాదు. ఆవిడ నడక, నా నడక ఒకటి కావు, అంతే. ఆవిడకి ఆగే హక్కు లేదు. నాకు ఉంది. దారిలో ముగ్గురు బండి ఆపారంటేనే ఆ హక్కు నా జేబులో ఉన్నట్టు. మూడు తరాలు కష్టపడి నాకు సంపాదించి పెట్టింది ఆటో కాదు, ఆటో ఎక్కాలా వద్దా అని నిర్ణయించుకునే వీలు. దాన్ని పూర్తిగా కుర్చీకి ధారపోస్తే వాళ్ల కష్టాన్ని వృథా చేసినట్టే.

ఇలా అనుకున్నాక, నడవని వాళ్లని బద్ధకస్తులు అనే ఉపన్యాసాలు నాకు నచ్చడం మానేశాయి. ఊళ్లో బైక్ కొన్న కుర్రాడికి అది బద్ధకం కాదు, పరువు. అడిగితే వాడికి కారణం తెలియకపోవచ్చు, చరిత్రకి తెలుసు. ఇక పట్నంలో నడుద్దామన్నా దారేది? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, ప్రతి అయిదుగురిలో ఒకరు పాదచారి. మన ఐటీ కారిడార్‌లో ఫుట్‌పాత్ మీద ఒక చోట ట్రాన్స్‌ఫార్మర్, ఒక చోట పార్క్ చేసిన బైకులు, ఇంకో చోట ఫుట్‌పాతే ఉండదు. రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ కప్పు కూడా, బాగుంది. కానీ అక్కడికి చాలామందిమి సైకిల్‌ని కారు వెనక కట్టుకుని పోతున్నాం. ఆఫీసుకి మాత్రం కారే. నడిచేవాడికి రోడ్డు మీద గౌరవం లేనంతకాలం నడక పేదవాడి గుర్తుగానే ఉంటుంది, డబ్బు రాగానే అందరూ దాన్ని వదిలించుకుంటూనే ఉంటారు. ఈ విషయంలో గడీ కాలం పూర్తిగా పోలేదు, కచ్చడం స్థానంలో ఎస్‌యూవీ వచ్చింది. ముందున్నవాడు ఇప్పటికీ హారన్ విని పక్కకి ఉరకాల్సిందే.

మీకు సలహాలు ఇచ్చేంత పెద్దవాణ్ని కాదు, నేను చేస్తున్నది మాత్రం చెప్తా. వారంలో మూడు రోజులు బైక్ ఇంట్లో పెట్టి మెట్రో, బస్సు మీద పోతున్నా. రెండు చివర్లా కలిపి రోజుకి నలభై నిమిషాల నడక దానంతటదే వస్తోంది. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో చాలా భాగం అక్కడే తీరిపోతుంది. పదివేల అడుగుల టార్గెట్ మాత్రం వదిలేశా. అది 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటర్ అమ్మడానికి పెట్టిన పేరు నుంచి పుట్టిన అంకెట! పెద్ద వయసు ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన పరిశోధనలో 4,400 అడుగుల దగ్గరే లాభం కనిపించింది, సుమారు 7,500 దాటాక పెద్దగా పెరగలేదు.

అన్నట్టు, మా టీము ఆఖరికి కింద నుంచి మూడో స్థానంలో నిలిచింది.

సంక్రాంతికి మళ్లీ ఊరికి వెళ్లా. ఈసారి మోత్కూర్‌లో దిగి ముందే ఫోన్ చేశా: "నాయనమ్మా, ఆటోలున్నయి, పైసలున్నయి, అయినా నడిచొస్తున్న, ఎవరన్నా అడిగితే చెప్పు" అని. ఊరి మొదట్లో చింతచెట్టు కింద గద్దె మీద కూర్చుని ఉంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచింది. పక్కన కూర్చున్నావిడతో గట్టిగా, ఊరంతా వినేట్టు అంది: "మావోడు బండి లేక నడుస్తలేడు. ఇష్టమయ్యి నడుస్తుండు."

ఇద్దరం ఇంటిదాకా నడిచాం. నేను ఆవిడ అడుగుల లెక్కలో.